బయాలజీ ల్యాబ్‌లో మొదటి ఏడాది: చెయ్యి కాలకుండా, స్లయిడు పగలకుండా

కొత్తగా డిగ్రీలో బీజడ్‌సీనో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) మైక్రోబయాలజీనో తీసుకుని, మొదటిసారి తెల్లకోటు వేసుకుని ల్యాబ్‌లో నిలబడ్డ పిల్లలకి ఉండేవి రెండే టెన్షన్లు. ఏదైనా పగిలితే ఫైన్ ఎంత, రికార్డు మీద సంతకం ఎప్పుడు పడుతుంది. యాసిడ్ భయం, స్పిరిట్ ల్యాంపు భయం ఆ తర్వాతే. గోడ మీద ఫ్రేము కట్టిన నియమాల చార్టు ఒకటి వేలాడుతూ ఉంటుంది, దాన్ని నిలబడి చదివినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు, చదువుకునే రోజుల్లో నేనూ చదవలేదు. ప్రాక్టికల్స్ చెప్పడం మొదలుపెట్టాక నాకు అర్థమైందేమిటంటే, జాగ్రత్తని విడిగా బట్టీపట్టి లాభం లేదు. పిపెట్ పట్టుకోవడం, బ్యాక్టీరియాని ఎత్తే తీగ (లూప్) కాల్చడం, టెస్ట్‌ట్యూబ్ వేడిచేయడం సరిగ్గా వచ్చినవాళ్ళ జోలికి ప్రమాదాలు పెద్దగా రావు, రానివాళ్ళకి చార్టు కంఠతా వచ్చినా చెయ్యి కాలుతుంది. అందుకే ఇక్కడ రెండూ కలిపే చెప్తాను.

ముందు బట్టలు. కోటు కాటన్‌దే కొనండి. బజార్లో పాలిస్టర్ కలిసినవి ముడతలు పడవని, ఇస్త్రీ అక్కర్లేదని అంటగడతారు. నిప్పంటుకుంటే కాటన్ కాలి బూడిదవుతుంది, సింథటిక్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది, తేడా అంతా అక్కడే ఉంది. 2008 డిసెంబరు ఆఖర్లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 23 ఏళ్ళ అమ్మాయి, గాలి తగిలితే చాలు మండిపోయే రసాయనాన్ని సిరంజితో తీస్తుంటే వెనకున్న కడ్డీ ఊడొచ్చేసింది. ఒంటి మీద కోటు లేదు, వేసుకున్నది సింథటిక్ స్వెటర్. 18 రోజుల తర్వాత చనిపోయింది. మన ల్యాబుల్లో ఆ రసాయనం ఉండదు, నిజమే. స్పిరిట్ ల్యాంపు ఉంటుంది, దాని పక్కనే నైలాన్ చున్నీ ఉంటుంది. చున్నీ కోటు లోపలికి దోపేసుకోండి లేదా పిన్ను పెట్టుకోండి, జడ వెనక్కి కట్టుకోండి, కాలికి బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో వచ్చి యాసిడ్ సీసా ఎత్తేవాళ్ళని చూస్తే నాకు గుండె జారిపోతుంది.

తిండి సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ తెలియదు. ల్యాబ్‌లో తినకూడదంటే టిఫిన్ డబ్బా ఒక్కటే గుర్తొస్తుంది. ల్యాబ్ ఫ్రిజ్‌లో మంచినీళ్ళ బాటిల్ పెట్టుకోవడం, ఆలోచిస్తూ పెన్ను మూత కొరకడం, గ్లవ్స్ తోనే ఫోన్ తీసి స్లయిడు ఫొటో కొట్టి అదే ఫోన్‌ని చెంపకి ఆనించి మాట్లాడటం, ఇవన్నీ కూడా నోట్లోకి దారులే. మా రోజుల్లో అంతకంటే ఘోరం ఉండేది, పిపెట్‌ని నోటితో పీల్చేవాళ్ళం. నేనొకసారి చక్కెర పరీక్షకి వాడే బెనెడిక్ట్ ద్రావణం పీలుస్తూ పక్కవాడితో మాట్లాడబోయి నోటినిండా నింపుకున్నాను. సింకులోకి నీలంగా ఉమ్మేసి, ఆ చేదు పోవడానికి సాయంత్రం దాకా పుక్కిలిస్తూనే ఉన్నాను. అది కాపర్ సల్ఫేట్ కాబట్టి అంతటితో పోయింది, బ్యాక్టీరియా కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) అయ్యుంటే కథ వేరు. ఇప్పటికీ ఎక్కడైనా నోటితో పీల్చమంటే 'రబ్బరు బల్బు ఇప్పించండి సార్' అని అడగండి, అడిగితే ఎవరూ కొట్టరు.

నిప్పు దగ్గర

స్పిరిట్ ల్యాంపులో మూడింట రెండు వంతులకి మించి స్పిరిట్ పోయొద్దు. వేడిగా ఉన్నప్పుడు అసలు పోయొద్దు, ఆర్పి చల్లారాకే నింపాలి. ఒక ల్యాంపు వంచి ఇంకో ల్యాంపు వెలిగించడం సినిమాల్లో దీపాలకి బాగుంటుంది, ఇక్కడ మాత్రం స్పిరిట్ ఒలికి బల్ల మొత్తం అంటుకుంటుంది. ఆర్పడానికి ఊదొద్దు, మూత పెట్టండి. ఇంకో సంగతి, స్పిరిట్ మంట లేత నీలంగా ఉంటుంది, కిటికీ పక్కన పగటి వెలుగులో దాదాపు కనబడదు. ఆరిపోయిందనుకుని చెయ్యి పెట్టేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు.

నన్ను నిజంగా భయపెట్టింది శానిటైజర్. బల్ల తుడిచి, గ్లవ్స్ వేసుకున్న చేతులకి 70% ఆల్కహాల్ రాసుకుని, తడి ఆరకముందే ఓ అమ్మాయి ల్యాంపు వెలిగించింది. గ్లవ్ మీద మంట పాకింది, అదీ సరిగ్గా కనబడని మంట. తడిగుడ్డతో వెంటనే అదిమేశాం కాబట్టి వేళ్ళు ఎర్రబడటంతో సరిపోయింది. చేతులు పూర్తిగా ఆరాలి, బల్ల ఆరాలి, ఆల్కహాల్ సీసా మూత పెట్టి బల్ల రెండో చివరికి వెళ్ళాలి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయాలి. అన్నట్టు 70% ఎందుకని వైవాలో అడుగుతారు. అందులోని నీళ్ళు ఆల్కహాల్‌ని కణం లోపలికి వెళ్ళనిస్తాయి, పైగా నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి పనిచేయడానికి టైం దొరుకుతుంది. స్వచ్ఛమైన ఆల్కహాల్ పైపైన ప్రోటీన్లని గడ్డకట్టించి, తన పని పూర్తవకముందే ఆవిరైపోతుంది.

ఆకులో పిండిపదార్థం చూసే ప్రయోగం స్కూల్లోనే చేసుంటారు. ఆకుని ఆల్కహాల్‌లో ఉడికించేటప్పుడు ఆల్కహాల్ గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆ ఆవిరికి మంట తగిలిందంటే ఇక చెప్పక్కర్లేదు. నీళ్ళు కాచాక ల్యాంపు ఆర్పేసినా ఆ వేడి సరిపోతుంది. ఆకు రంగులు విడదీసే క్రొమటోగ్రఫీలో వాడే పెట్రోలియం ఈథర్, అసిటోన్ ఇంకా తొందరగా అంటుకుంటాయి, ఆ ప్రయోగం ఉన్నరోజు ల్యాంపులు బీరువాలోనే ఉంచడం మంచిది.

టెస్ట్‌ట్యూబ్‌ని నేరుగా వేడిచేయాల్సి వస్తే మూడో వంతే నింపి, హోల్డర్‌తో ఏటవాలుగా పట్టుకుని, అడుగున ఒకేచోట కాకుండా పైకీ కిందకీ ఆడిస్తూ ఉండాలి. ట్యూబ్ మూతి మీవైపూ వద్దు, ఎదుటివాళ్ళ వైపూ వద్దు. ఒక్కసారిగా పొంగి చిమ్మిందంటే అది రెండు మూడు అడుగుల దూరం పోతుంది. బెనెడిక్ట్ పరీక్షకైతే మరిగే నీళ్ళలో నిలబెడితే చాలు, ఈ గొడవే ఉండదు.

యాసిడ్ గురించి ఒక్క మాట. నీళ్ళలో యాసిడ్ పోయాలి, అదీ కొద్దికొద్దిగా కలుపుతూ. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నీళ్ళు పోస్తే, పుట్టిన వేడికి ఆ నీళ్ళు పైనే ఉడికి యాసిడ్‌తో సహా మొహం మీదకి చిమ్ముతాయి. కళ్ళద్దాలు పెట్టుకోండి. మామూలు చత్వారం అద్దాలు పక్కల నుంచి రక్షించవు.

మైక్రోస్కోపు

మోసేటప్పుడు రెండు చేతులు, ఒకటి మెడ దగ్గర, ఒకటి అడుగున. అద్దం ఉన్న పాత మైక్రోస్కోపు అయితే ఎండవైపు నేరుగా తిప్పొద్దు, కన్ను పోతుంది. కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగు చాలు.

మొదలుపెట్టడం ఎప్పుడూ చిన్న లెన్సుతోనే, 4 ఎక్స్ లేదా 10 ఎక్స్. స్లయిడు పెట్టాక కంటిని ఐపీస్ దగ్గర కాకుండా పక్కన పెట్టి చూస్తూ, లెన్సుకీ స్లయిడుకీ మధ్య దూరం బాగా తగ్గించండి. ఇప్పుడు ఐపీస్‌లో చూస్తూ దూరం పెంచుకుంటూ పోండి, ఎక్కడో ఒకచోట బొమ్మ తేలుతుంది. చూస్తూ దగ్గరకి తెస్తే ఏం జరుగుతుందో మీ సీనియర్లని అడగండి, టక్ మని చప్పుడొచ్చాక తెలుస్తుంది. బొమ్మ మధ్యలోకి తెచ్చుకున్నాక 40 ఎక్స్‌కి తిప్పండి, అక్కడ్నుంచి ఫోకస్ తిప్పే పెద్ద మరని ముట్టుకోవద్దు, చిన్న మర అర చుట్టు తిప్పితే చాలు. 100 ఎక్స్‌కి మాత్రం స్లయిడు మీద ఒక చుక్క సీడర్‌వుడ్ నూనె వెయ్యాలి. గాజులోంచి గాలిలోకి వచ్చే వెలుగు వంగి పక్కకి పోతుంది, నూనె గాజులాగే వంచుతుంది కాబట్టి వెలుగంతా లెన్సులోకి వస్తుంది. పనయ్యాక నూనె తుడవకుండా వదిలేస్తే ఎండి గట్టిపడుతుంది, మరుసటి బ్యాచ్ ఏం చూసినా పొగమంచులా ఉంటుంది. లెన్సు కాగితంతోనే తుడవండి. చేతిరుమాలు వద్దు, కోటు అంచు అసలే వద్దు, గీతలు పడతాయి.

ఉల్లివేరు స్క్వాష్

స్క్వాష్ అంటే కణవిభజన చూడటానికి వేరు కొసని స్లయిడు మీద నొక్కి పలుచగా పరచడం. స్లయిడు తయారీలో అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ఉల్లిపాయ అడుగున ఎండిన పాత వేర్లు గీకేసి, గ్లాసు నిండా నీళ్ళు పోసి అడుగు మాత్రమే తడిసేలా నిలబెట్టండి. రోజూ నీళ్ళు మార్చాలి, మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక పొద్దున్న ఎనిమిది, పది గంటల మధ్య కోసి, మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో ఒక రోజంతా ఉంచండి. కణాలు ఏ దశలో ఉన్నవి ఆ దశలోనే ఆగిపోతాయి. గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ అంటే వెనిగరే కదా అని వాసన చూడొద్దు, ముక్కు లోపల మండిపోతుంది.

మర్నాడు వేరుని స్లయిడు మీద పెట్టి, ఒక చుక్క పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, రెండు మూడు చుక్కల ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేసి, ల్యాంపు మీదుగా అటూ ఇటూ పోనిచ్చి కొద్దిగా వెచ్చచేయండి. చేతి వెనకభాగానికి తగిలిస్తే ఓర్చుకోగల వేడి చాలు, మరిగితే కణాలు ఉడికిపోతాయి. ఐదు పది నిమిషాలు అలా వదిలేయండి. ఇప్పుడు చూస్తే వేరు కొస మాత్రం మిగతాదానికంటే ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. కణవిభజన జరిగేది అక్కడే, ఆ రెండు మూడు మిల్లీమీటర్లు బ్లేడుతో కోసి ఉంచుకుని మిగతాది పారేయండి. చాలామంది కొస పారేసి కాడ ఉంచుకుంటారు, తర్వాత గంటసేపు 40 ఎక్స్‌లో క్రోమోజోముల కోసం వెతుకుతూ కూర్చుంటారు.

కొస మీద కొత్తగా ఒక చుక్క రంగువేసి కవర్‌స్లిప్ ఏటవాలుగా, ఒక అంచు ముందు తగిలేలా దించితే గాలి బుడగలు రావు. పైన బ్లాటింగ్ పేపర్ మడత పెట్టి, పెన్సిల్ వెనకభాగంతో మెల్లగా తట్టి, ఆ తర్వాత బొటనవేలితో నిటారుగా నొక్కండి. నలపకూడదు, పక్కకి జరపకూడదు. కవర్‌స్లిప్ మందం 0.17 మిల్లీమీటర్లు మాత్రమే, పక్కకి జరిగిందంటే విరిగి వేలిలో దిగుతుంది, అటు కణాలూ తాడులా చుట్టుకుపోతాయి. కణాలన్నీ ఒకే పొరగా పరుచుకుంటే ఒకచోట మధ్యలో వరసకట్టిన క్రోమోజోములు, ఇంకోచోట రెండు వైపులకి లాక్కుపోతున్నవి కనిపిస్తాయి. ఆ బ్లేడు ఎటు పెట్టారో మాత్రం మర్చిపోకండి, బల్ల మీద కాగితాల కింద బ్లేడు ఉందంటే తర్వాత ఆ కాగితాలు ఎత్తేవాళ్ళ పని అయిపోయినట్టే.

మైక్రోబయాలజీ బల్ల

సూక్ష్మజీవుల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ చూసి భయపడేవాళ్ళు ఇంట్లో కుక్కర్ వాడే ఉంటారు. రెండూ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 15 నుంచి 20 నిమిషాలు. కుక్కర్‌లో ఆవిరి బాగా వచ్చాక వెయిట్ పెడతాం చూశారా, ఇక్కడా అంతే, లోపలి గాలి అంతా పోయి ఆవిరి ధారగా వచ్చాకే వాల్వ్ మూయాలి. గాలి మిగిలితే ముల్లు 15 చూపించినా లోపల 121 డిగ్రీలు ఉండవు. ఫ్లాస్కులు సగానికి కొంచెం పైగా మాత్రమే నింపండి, మూతలు వదులుగా ఉంచండి. దించేటప్పుడు ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగండి. పరీక్ష రోజు హడావిడిలో వాల్వ్ ఎత్తేసి తెరిస్తే ఫ్లాస్కులో మీడియా (బ్యాక్టీరియాకి పెట్టే ఆహారం) మొత్తం పొంగి పైకి లేస్తుంది, ఆ వేడికి చర్మం ఊడొస్తుంది. మీడియాని గడ్డకట్టించే అగర్‌ని మైక్రోవేవ్ ఓవెన్‌లో కరిగించినా అంతే, మరగనట్టు నిశ్శబ్దంగా ఉంటుంది, కదిపితే బుస్సుమంటుంది. ఫ్లాస్కుని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, అంటే 45 నుంచి 50 డిగ్రీల మధ్య, ప్లేట్లలో పోయాలి. ఇంకా వేడిగా పోస్తే మూతకి చెమట పడుతుంది, మరీ ఆలస్యం చేస్తే ఫ్లాస్కులోనే పెరుగు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది.

లూప్‌ని నిలువుగా పట్టుకుని మొత్తం ఎర్రగా కాలేదాకా కాల్చాలి, తర్వాత చల్లారడానికి పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లే ఎవరూ ఆగరు. వేడి లూప్ కల్చర్‌లో పెడితే చుయ్ మంటుంది, ఆ చప్పుడులో బ్యాక్టీరియా తుంపర గాల్లోకి లేస్తుంది, పీల్చేది మీరే. పేరు, తేదీ ప్లేటు మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి, అడుగు భాగం మీద రాయండి. ఇంక్యుబేటర్‌లో బోర్లించి పెట్టండి.

గ్రామ్ స్టెయినింగ్ అంటే బ్యాక్టీరియాకి రంగువేసి రెండు రకాలుగా విడదీయడం, ఊదా రంగు నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్, గులాబీ రంగుకి మారేవి గ్రామ్ నెగటివ్. డెన్మార్క్‌కి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతి, ఇప్పటికీ మొదటి ఏడాది అందరి వేళ్ళకీ వంకాయ రంగు పులిమేది అదే. ప్రాక్టీసుకి ఇంటి పెరుగు బ్రహ్మాండంగా పనికొస్తుంది, అందులోవి గ్రామ్ పాజిటివ్, రోగకారకాలు కావు. సూది మొనంత పెరుగు తేటని నీటిచుక్కలో పలుచగా పరచి, దానంతట అదే ఆరనిచ్చి, మంట మీదుగా రెండు మూడుసార్లు పోనివ్వండి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఆల్కహాల్‌తో కడగడం 10 నుంచి 20 సెకన్లు, ఆఖర్న శాఫ్రనిన్ ఒక నిమిషం. ఫలితం చెడేది ఆల్కహాల్ దగ్గరే. ధారలో రంగు రావడం ఆగిన క్షణంలో నీళ్ళు పోసేయాలి, ఇంకొంచెం చూద్దాం అని నిలబడితే పాజిటివ్‌లు కూడా గులాబీ రంగుకి మారతాయి, మీ పెరుగులో లేని బ్యాక్టీరియాని మీరు కనిపెట్టినట్టవుతుంది.

అరచేయి, రూపాయి నాణెం, సెల్‌ఫోన్ ఆనించి పెంచిన ప్లేట్లు మాత్రం తెరవకండి. అందులో ఏం పెరిగిందో ఎవరికీ తెలియదు. టేపు అంటించి, బయట్నుంచే లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఆటోక్లేవ్‌కి పంపేయండి. ఆటోక్లేవ్ పాడైతే 1% హైపోక్లోరైట్‌లో అరగంట నానబెట్టాక పారేయొచ్చు. ఆ బ్లీచ్‌లో యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ వస్తుంది. ఇంట్లో బాత్‌రూమ్ యాసిడ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, అమ్మకి చెప్పండి.

అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ మీటని నొక్కుతుంటే రెండు అడ్డంకులు తగులుతాయి. మొదటిదాకా నొక్కి, కొసని ద్రవంలో ముంచి, మెల్లగా వదలాలి. పోసేటప్పుడు మొదటిది దాటి రెండోదాకా నొక్కాలి. రెండోదాకా నొక్కి పీలిస్తే ఎక్కువ వస్తుంది, టక్కున వదిలితే ద్రవం గొట్టంలోకి ఎగురుతుంది. కొసలో ద్రవం ఉండగా బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టొద్దు. ట్యూబుల్ని వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు ట్యూబులు ఒకే బరువు ఉండాలి, కంటి లెక్క కాదు, తూకం వేయండి. మూత తెరవడానికి అది పూర్తిగా ఆగాలి, వేలితో ఆపే వీరులు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

రక్తం, ఫార్మలిన్

బ్లడ్ గ్రూపు ప్రాక్టికల్ అంటే అందరికీ సరదా. వేలికి గుచ్చే చిన్న సూది, అంటే లాన్సెట్, ఒక్కరికి ఒక్కటే, స్నేహం ఎంత ఉన్నా పంచుకోవద్దు. వేలికి స్పిరిట్ రాసి ఆరాక, వేలి కొస మధ్యలో కాకుండా కాస్త పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రక్తంతో కలిపే పరీక్ష ద్రవాల్లో యాంటీ-ఎ నీలం రంగు, యాంటీ-బి పసుపు, యాంటీ-డికి రంగుండదు. డ్రాపర్ కొస రక్తానికి తగలకూడదు, ఒక్కో చుక్క కలపడానికి కొత్త పుల్ల వాడాలి. గుచ్చిన లాన్సెట్‌కి మళ్ళీ మూత పెట్టబోతేనే వేళ్ళు గుచ్చుకుంటాయి, నేరుగా గట్టి తెల్ల డబ్బాలో వేసేయండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల్లో సూదులకి తెలుపు, రక్తం అంటిన దూదికి పసుపు, గ్లవ్స్ లాంటివాటికి ఎరుపు, గాజుకి నీలం అని రంగులున్నాయి. కాలేజీల్లో అన్నీ ఉండకపోవచ్చు, తెల్ల డబ్బా మాత్రం ఉండి తీరాలి.

మ్యూజియం సీసాల్లో పాములు, కప్పలు కుళ్ళిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంటాయి. కళ్ళు మండి నీళ్ళొస్తున్నాయంటే గాలి ఆడటం లేదని అర్థం, కిటికీలు తీయండి. అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం, స్పాటర్స్ (పరీక్షలో చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలు) చదవడానికి సీసా మూత తీయాల్సిన పనేమీ లేదు.

ఏమైనా జరిగితే

కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి, ఐసు వద్దు. ఎవరో ఒకరు ఇంకు పోయమంటారు, ఇంకొకరు టూత్‌పేస్టు రాయమంటారు, హాస్టల్ వంటమనిషి దోసెలపిండి తెస్తాడు. ఏదీ వద్దు, డాక్టర్ వాటిని గోకి తీయాల్సొస్తుంది. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని పావుగంట నీళ్ళు పారించండి, మధ్యలో బాగానే ఉంది అని ఆపొద్దు. వేరొకరికి వాడిన సూది గుచ్చుకుంటే సబ్బుతో కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. సిగ్గుపడి దాచేది ఈ ఒక్క విషయమే, దాచకూడనిదీ ఇదే.

పగిలిన సంగతి కూడా చెప్పండి. ఒక ఏడాది ఎవరో ఫైన్‌కి భయపడి పగిలిన స్లయిడు ముక్కలు సింకులో వేసి నీళ్ళు వదిలేశారు. సాయంత్రం సింకు కడుగుతుంటే మా అటెండరమ్మ అరచేతిలో దిగాయి, మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు సింకు పక్కన ఖాళీ పెయింటు డబ్బా ఉంది, మూతకి చీలిక కోసి పెట్టాం. చీపురుతో, అట్టముక్కతో ఎత్తి అందులో వేసి, పక్కనున్న నోటుపుస్తకంలో తేదీ రాస్తే చాలు. ఫైన్ తీసేశాం.